సదరు పరికల్పనకు ప్రమోషన్

తన పరికల్పనని తన చేతులతోనే చంపెయ్యాలని డాక్టర్ వకుళ మంగళవారం ఉదయం టీ తాగుతూ నిర్ణయించుకుంది.

ఆయుధం ఎదురుగా టేబుల్ మీదే ఉంది: ఆ సీజన్లో చేసిన ప్రయోగం ఫలితాలు. రక్తపాతం ఏమీ ఉండదు. ఒక పేజీ రాసి సంతకం పెడితే చాలు. వకుళకి దిగులు లేదు సరికదా, హుషారుగా కూడా ఉంది. సైన్సులో బతికేవాళ్లకి ఒక ఊహ తప్పని ఖాయంగా తేలిన రోజు మంచిరోజు కిందే లెక్క. ఆ దారి మూసుకుపోతుంది, ఇంకో దారి తెరుచుకుంటుంది.

వకుళ గోదావరి జిల్లాలో ఒక కోళ్ల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. ఆ పరికల్పన ఒక్క వాక్యం: తెల్లవారుజామున సన్నాయి వినిపిస్తే కోళ్లు గుడ్లు ఎక్కువ పెడతాయి.

నవ్వకండి. ఆ ఊహకి ఆధారం ఉంది. వకుళ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక షెడ్డులో మాత్రం గుడ్లు బాగా ఎక్కువ వచ్చేవి. దాణా అదే, నీళ్లవే, కోళ్ల జాతీ అదే. తేడా ఒక్కటే. ఆ షెడ్డు కాపలాదారు చీకటుండగానే లేచి భూపాల రాగంలో సన్నాయి రికార్డు పెట్టుకునేవాడు. వకుళ దాన్ని పరికల్పనగా రాసి పై ఆఫీసుకి పంపింది. పరికల్పన అంటే అంతే కదా, పరీక్షకి నిలబెట్టడానికి రాసుకున్న ఊహ.

తర్వాత ఒకరోజు స్కూటర్ మీద వెళ్తుండగా ఆమెకి మెరుపులా ఒక సందేహం వచ్చింది. చీకట్లో రికార్డు పెట్టాలంటే ముందు లైటు వెయ్యాలి కదా?

స్కూటర్ ఆపి, రోడ్డు పక్కన నిలబడి ఆలోచించింది. ఇంక మామూలే. నాలుగు షెడ్లు తీసుకుంది. ఒకదానికి లైటూ సన్నాయీ. ఒకదానికి లైటు మాత్రమే. ఒకదానికి చీకట్లో సన్నాయి. నాలుగోదానికి ఏమీ లేదు. ఫలితం చూస్తే గొడవే లేదు: లైటున్న రెండు షెడ్లలోనూ గుడ్లు పెరిగాయి, సన్నాయి ఉన్నా లేకపోయినా. చీకట్లో సన్నాయి విన్న కోళ్లు హాయిగా నిద్రపోయాయి.

కలం మూత తీసింది వకుళ. సరిగ్గా అప్పుడే మల్లిడి వీర్రెడ్డి లోపలికొచ్చాడు. చుట్టుపక్కల కోళ్ల రైతుల్లో పెద్దవాడు. ఎప్పుడూ నవ్వు మొహమే. ఇవాళ అది లేదు.

"మేడంగారండీ, మీ సన్నాయికో దండం. మమ్మల్నొగ్గెయ్యమనండి."

"ఏమైంది వీర్రెడ్డి గారూ?"

"ఒకటో తారీఖు నుంచీ తెల్లారగట్ల షెడ్లకి కరెంటు తీసేత్తారంటండి. లైన్‌మనొచ్చి చెప్పాడు. గుడ్లకి సన్నాయుంది కదా, లైట్లెందుకు దండగని పైనుంచి ఆర్డరంట. మీ ఊహ గారికేదో ప్రమోషనొచ్చిందంట కదండీ, ఆయ్?"

"పరికల్పనకి ప్రమోషనేమిటండీ?"

"అదే నేనూ అడిగేనండి. ఆడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసేడు. కరెంటు పోతే గుడ్లు పోతాయండి. గుడ్లు పోతే మా ఊళ్లో సగం షెడ్లు తాళాలేసుకోవాలి. నాది ముందేస్తాను, పెద్దోణ్ణి కదా."

వకుళ కలం మూత పెట్టేసి బస్సు టైములు చూసుకుంది.

*

ఆ పై ఆఫీసు, అంటే విజ్ఞాన సత్యాల సంచాలక కార్యాలయం, పుట్టిన కథ చిన్నదే. ఒక సమీక్షా సమావేశంలో ఒక పెద్దాయన, "మన దగ్గర పరికల్పనలు ఇన్ని వేలున్నాయి, సిద్ధాంతాలు ఒక్కటీ లేవేం?" అని అడిగాడు. చివరికి వెనక వరసలోంచి ఒక గొంతు, "ప్రమోషన్లు ఆగిపోయాయి సార్," అంది. ఆ ఒక్క మాట మీద ఒక శాఖ, దానికో భవనం, భవనానికి లిఫ్టూ లేచాయి. లిఫ్టు ఒక్కటే ఇంకా పని మొదలుపెట్టలేదు.

నిబంధనలు కూడా వచ్చాయి. పరికల్పన మూడేళ్లు ప్రొబేషన్‌లో ఉంటుంది. ఆ మూడేళ్లలో ఫిర్యాదు రాకపోతే కన్ఫర్మ్ అవుతుంది. కన్ఫర్మ్ అయినది సీనియారిటీ ప్రకారం సిద్ధాంతం అవుతుంది. సిద్ధాంతం కొన్నాళ్లకి సూత్రం అవుతుంది. సైన్సులో ఒక ఊహ కన్ఫర్మ్ అయిందంటే ప్రయోగానికి తట్టుకుని నిలబడిందని అర్థం. ఆఫీసులో కన్ఫర్మ్ అయిందంటే ఇన్నాళ్లూ ఎవరితోనూ గొడవ పడలేదని. ఆ ఒక్క మాట దగ్గరే కొంప మునిగింది.

వరండా నిండా శాస్త్రవేత్తలున్నారు. ఒకాయన తన కాంట్రాక్టు పరికల్పనని రెగ్యులర్ చేయించుకోడానికి వచ్చాడు. ఇంకొకావిడ పరికల్పన సెలవు మీద వెళ్లి తిరిగి రాలేదట. గురుత్వాకర్షణకి నోటీసు వెళ్లిందని ఎవరో చెప్పుకుంటున్నారు. సూత్రం హోదా అనుభవిస్తోంది గానీ సర్వీసు రిజిస్టరు లేదట, ఏ తేదీన చేరిందో ఆధారాలు చూపించాలట.

సెక్షన్ సూపరింటెండెంట్ మీనాక్షయ్య కళ్లజోడు మీదనుంచి చూశాడు.

"సన్నాయి పరికల్పన తాలూకా మీరేనా? కూర్చోండమ్మా. అభినందనలు. శుక్రవారం ఆర్డరు వస్తుంది."

"ఆ ప్రమోషన్ ఆపించాలనే వచ్చానండీ. అది తప్పు."

మీనాక్షయ్య కలం పట్టుకున్నాడు. "ఏం తప్పు చేసింది?"

"తప్పు చెయ్యలేదండీ. అదే తప్పు."

"చెయ్యకపోవడం తప్పా?"

"అది చెప్పే మాట తప్పండీ."

"మాట తప్పిందా? ఎవరితో?"

వకుళ మళ్లీ మొదలుపెట్టింది. "సార్, సన్నాయి వల్ల గుడ్లు పెరగవు. లైటు వల్ల పెరుగుతాయి. ప్రయోగం చేసి చూశాను."

"అంటే మీరు సదరు పరికల్పన మీద అభియోగం మోపుతున్నారు," అన్నాడు మీనాక్షయ్య, దారి దొరికిన వాడిలా. "అలా చెప్పండి. ముందు దానికి చార్జి మెమో ఇవ్వాలి. సంజాయిషీకి గడువివ్వాలి. విచారణాధికారిని వెయ్యాలి. దాని వాదన వినకుండా మనం చర్య తీసుకుంటే కోర్టులో నిలవదమ్మా."

"పరికల్పన సంజాయిషీ ఎలా ఇస్తుందండీ?"

"ఇవ్వకపోతే ఎక్స్-పార్టీ, అది లేకుండానే తీర్పు. అదంతా తేలడానికి ఒక ఏడాది వేసుకోండి. ఈలోగా ప్రమోషన్ ఆపడానికి రూలు లేదు."

*

సంచాలకులు గండికోట శరభేశ్వరరావు గది చల్లగా, పెద్దగా ఉంది. మనిషి కూడా చల్లటివాడే. ఎవరి మీదా గొంతు పెంచడు. ప్రతి వాక్యాన్నీ శాలువాలా మడతపెట్టి కప్పుతాడు.

"రా అమ్మా వకుళా. ఈ కార్యాలయ చరిత్రలో ప్రప్రథమ సిద్ధాంతం నీ పరిశోధనా గర్భం నుంచి ఉద్భవించడం ముదావహం."

"సార్, అది సిద్ధాంతం కాలేదు సార్. పరీక్షలో పోయింది."

"సప్లిమెంటరీ ఉంటుందిగా."

"సార్, సిద్ధాంతం అంటే పరికల్పనకి వయసొస్తే అయ్యేది కాదు. ఒక ఊహని పడగొట్టడానికి అందరూ అన్ని వైపుల నుంచీ ప్రయత్నించాలి. అది నిలబడాలి. అలా నిలబడ్డవి కొన్ని ఒకదానికొకటి కలిసి, ఇది ఇలా ఎందుకు జరుగుతోందో చెప్పగలగాలి. అప్పుడు సిద్ధాంతం. అప్పుడు కూడా రేపు తప్పని తేలితే దిగిపోవాలి. సూత్రమనేది ఇంకో రకం. అది ఏం జరుగుతుందో చెప్తుంది, ఎందుకో చెప్పదు. సిద్ధాంతానికి పై మెట్టు కాదు సార్ అది."

శరభేశ్వరరావు శ్రద్ధగా విన్నాడు. "అందరూ కలిసి ఒకరిని పడగొట్టడానికి ప్రయత్నించడం మా కార్యాలయంలో నిత్యకృత్యమే. దానినే అర్హతగా పరిగణిస్తే ఇక్కడి అటెండర్లతో సహా అందరూ సిద్ధాంతాలే అవుతారమ్మా. సరే, నీ ప్రయోగం సంగతి చెప్పు."

వకుళ నాలుగు షెడ్ల సంగతి చెప్పింది. "ఏమీ పెట్టనిది కంట్రోల్ షెడ్డు సార్."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. "అంటే మిగతా మూడూ కంట్రోల్ తప్పాయా?"

"కాదు సార్, పోల్చి చూడ్డానికి..."

"ఆగమ్మా. ఒక షెడ్డు కోళ్లకి సంగీతమూ లేదు, వెలుతురూ లేదు. ప్రభుత్వ సంస్థలో ఇంత వివక్షా? రేపు పేపర్లో వస్తే సమాధానం ఎవరు చెప్పాలి?" వెంటనే ఫోనెత్తాడు. వకుళ కళ్లముందే, పరిశోధన కేంద్రంలోని అన్ని షెడ్లకీ సమానంగా సన్నాయి వినిపించాలని ఆదేశం వెళ్లిపోయింది. ఫోను పెట్టేసి చిరునవ్వు నవ్వాడు. "ఇప్పుడు అన్ని షెడ్లలోనూ సన్నాయి ఉంది. అన్ని షెడ్లలోనూ గుడ్లున్నాయి. సన్నాయి లేని చోట గుడ్డున్నట్టు ఒక్క దాఖలా చూపించు."

"సన్నాయి లేని చోటే లేదుగా సార్ ఇప్పుడు."

"అదే కదా ఋజువు," అన్నాడాయన సౌమ్యంగా. "కన్నతల్లివి, నువ్వే దాని అభ్యున్నతికి అడ్డుపడితే ఎలా? వెళ్లిరా అమ్మా."

*

క్యాంటీన్లో వకుళ ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చుంది. శుక్రవారం ఆర్డరు. ఒకటో తారీఖున చీకటి. వీర్రెడ్డి షెడ్డుకి తాళం. నిజం ఎటుందో స్పష్టంగా తెలుసు. చెప్పుకోవడానికి తలుపే లేదు.

పక్క టేబుల్ దగ్గర ఒక టైపిస్టు కళ్లు తుడుచుకుంటోంది. ఆవిడ స్నేహితురాలు ఓదారుస్తోంది.

"ప్రమోషనొస్తే ఏడుస్తావేమే?"

"ప్రమోషనొచ్చిందంటే బదిలీయేగా. ఉన్న చోట ఉంచరుగా. పిల్లల బడి, మా ఆయన ఉద్యోగం... నాకొద్దీ ప్రమోషను."

వకుళ చేతిలో ఇడ్లీ ముక్క గాల్లోనే ఆగిపోయింది. మరుక్షణం ఆమె మెట్లెక్కుతోంది. లిఫ్టు ఎలాగూ లేదు.

"మీనాక్షయ్య గారూ, ఒక్క సందేహం. ప్రమోషన్ మీద అదే స్థానంలో కొనసాగించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయా?"

మీనాక్షయ్య మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకి సైన్సు వాళ్లలో ఒకళ్లు అర్థవంతమైన ప్రశ్న అడిగారు.

"ఒప్పుకోవు. చస్తే ఒప్పుకోవు. పాత చోటే ఉంటే స్థానికంగా పలుకుబడి పెరుగుతుంది, పక్షపాతానికి తావుంటుంది. మంచిపని చేశారమ్మా గుర్తుచేసి. లేకపోతే రేపు ఆడిట్‌లో నా పీకకి చుట్టుకునేది."

"మరి ఎక్కడ వేస్తారు?"

ఆయన ఖాళీలు చూశాడు. "సిద్ధాంతం స్థాయి పోస్టు మత్స్యశాఖలో ఒక్కటే ఖాళీ. అక్కడికి వెళ్లడానికి ఎవరూ ఇష్టపడరు, వాసన. పరవాలేదా?"

వకుళ ఆలోచించింది. చేపలకి లైట్లు లేవు. సన్నాయి వాయిస్తే వాటికి పోయేదేమీ లేదు. "పరవాలేదండీ."

"అయితే ఇక్కడ కోళ్ల దగ్గర ఖాళీ ఏర్పడుతుంది. మీ దగ్గర ఇంకో పరికల్పన ఏదైనా ఉందా?"

"లైటు పరికల్పన ఉందండీ."

"జూనియరు. ఇన్‌చార్జిగా వేస్తాను. కానీ ప్రమోషన్ మాత్రం అయిదేళ్ల దాకా అడగొద్దు."

"అసలే వద్దండీ," అంది వకుళ. "అది పరికల్పనగానే ఉండనివ్వండి. అప్పుడే రోజూ నిలదీసి అడగొచ్చు."

మీనాక్షయ్య ఆమెవైపు జాలిగా చూసి, సిద్ధాంతం వాక్యంలో "కోళ్లు" అన్న చోట కొట్టేసి "చేపలు" అని రాశాడు. బదిలీ అన్నాక చిరునామా మారాలి కదా.

*

ఒకటో తారీఖున కరెంటు పోలేదు. సదరు సిద్ధాంతం కోళ్ల విభాగంలో విధుల్లో లేనందున దాని తాలూకు ఆదేశాలు కూడా దానితో పాటే వెళ్లిపోయాయి. వీర్రెడ్డి ఒక ట్రే గుడ్లు తెచ్చి వకుళ బల్ల మీద పెట్టాడు.

"ఏం చేసేరో నాకు తెలీదు గానండి, లైటెలుగుతోంది."

వకుళ నిశ్చింతగా నిద్రపోయింది. ఆ నిశ్చింత వారం కూడా నిలవలేదు.

ఫోను చేసిన వాడు ఇమ్మానుయేల్, చేపపిల్లల కేంద్రంలో శాస్త్రవేత్త. వకుళకి కాలేజీలో సీనియర్. పలకరింపులు లేవు.

"నీ సిద్ధాంతం మా దగ్గర జాయినైంది. చెరువు గట్టు మీద లౌడ్‌స్పీకర్లు పెట్టారు. తెల్లారకుండానే భూపాలం."

"చేపలేమంటున్నాయి అన్నయ్యా?"

"చేపల మాట సరే. నాకు నిద్ర లేదు. అసలు సంగతి విను. సన్నాయుండగా కరెంటెందుకని తెల్లవారుజామున ఏరేటర్లు ఆపమంటున్నారు. చెరువులోకి గాలి కొట్టే చక్రాలమ్మా అవి. నీళ్లలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువుండేది ఆ వేళలోనే. ఆపితే పొద్దున్నకల్లా చెరువంతా తెల్లగా తేలుతుంది. వచ్చే సోమవారం నుంచి ఆర్డరు."

వీర్రెడ్డి గుమ్మంలోంచి తీసిన దయ్యాన్ని ఇమ్మానుయేల్ ఇంట్లో దింపింది తనే.

"ఇంకోటి," అన్నాడు ఇమ్మానుయేల్. "సిద్ధాంతం పనితీరు మీద రిపోర్టు రాయాలట నేను. గుడ్లు ఎన్ని పెరిగాయో."

వకుళ చటుక్కున లేచి నిలబడింది. "మీ దగ్గర చేప ఒక్కటి ఎన్ని గుడ్లు పెడుతుంది?"

"బొచ్చె అయితే లక్షల్లో."

"కోడి రోజుకి ఒకటి. నువ్వేం అబద్ధం రాయక్కర్లేదు. గుడ్లు ఎన్నున్నాయో అన్నే రాయి. ఇవాళే పంపించు."

ఇమ్మానుయేల్ మెల్లగా నవ్వాడు.

రిపోర్టు చూసి సంచాలక కార్యాలయం ఉలిక్కిపడింది. బదిలీ అయిన వారంలోనే తలకి ఒక గుడ్డు నుంచి లక్షల గుడ్లు. శరభేశ్వరరావు స్వయంగా ఫైలు మీద రాశాడు: "అసాధారణ ప్రతిభ. వేగవంత పదోన్నతికి సర్వవిధాలా అర్హం." సోమవారం రాకముందే సిద్ధాంతం సూత్రం అయిపోయింది. సూత్రం స్థాయి పోస్టు రాష్ట్రం మొత్తం మీద ఒక్కటే ఉంది. ప్రధాన కార్యాలయంలో.

చెరువుల మీద చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

ప్రధాన కార్యాలయమంటే సంచాలకుల భవనమే. అక్కడ మీనాక్షయ్య తన ధర్మం తను చేశాడు. సూత్రం సార్వత్రికం, దానికి మినహాయింపులుండవు అని నిబంధనల్లో వాళ్లే రాసుకున్నారు. కాబట్టి "చేపలు" అన్న మాట తీసేశాడు. క్రియ కూడా హోదాకి తగ్గట్టు సవరించాడు. ఇప్పుడు గోడ మీద ఫ్రేము కట్టి ఉన్న వాక్యం ఇది: తెల్లవారుజామున సన్నాయి వినిపిస్తే గుడ్లు ఎక్కువ పెడతారు.

ఉద్యోగులందరూ తెల్లవారకముందే ఆఫీసుకి రావాలని సర్క్యులర్ వచ్చింది. లైట్లకి కరెంటు తీసేశారు. చీకట్లో సన్నాయి మొదలైంది. ప్రతి సెక్షనూ సాయంత్రానికి గుడ్ల దిగుబడి తెలియజెయ్యాలి. మొదటిరోజు అందరూ "నిల్" అని రాశారు. మర్నాడు అందరికీ మెమోలు అందాయి: ఉత్పత్తి శూన్యం కావడానికి కారణాలు తెలపండి. మూడోరోజు అకౌంట్స్ సెక్షన్ రెండు డజన్లు చూపించింది. అవి కింద కిరాణా కొట్లోవని అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్లు పరువు కోసం ఒక ట్రే తెచ్చారు. మీనాక్షయ్య రెండు తెచ్చాడు, ఒకటి దారిలో పగిలింది. దానికి విడిగా సంజాయిషీ రాశాడు.

దిగుబడి బాగుందని పై నుంచి అభినందనలు వచ్చాయి. అభినందనల కింద ఒక వాక్యం ఉంది. ఉద్యోగులు ఇంత బాగా పెడుతున్నప్పుడు శాఖాధిపతి వారి హోదాకి తగిన పరిమాణంలో, పరిశీలక బృందం సమక్షంలో పెట్టి ఆదర్శంగా నిలవాలని.

ఆ సాయంత్రం వకుళ ఫోను మోగింది.

"అమ్మా వకుళా." శరభేశ్వరరావు గొంతులో శాలువా లేదు. వెనక ఎక్కడో భూపాలం సన్నగా వినిపిస్తోంది. వేళ దాటినా ఆపడానికి ఎవరికీ అధికారం లేనట్టుంది. "బృందం ఎల్లుండి వస్తోంది. మొన్న నువ్వేదో అన్నావే, పరీక్షించడం, పడగొట్టడం... సూత్రమైనా సరే తప్పని తేల్చే పద్ధతి ఏదో ఉందన్నావు."

"ఉంది సార్."

"చెప్పమ్మా. రాసుకుంటున్నాను. చీకటిగా ఉంది, నెమ్మదిగా చెప్పు."

వకుళకి నవ్వు రాలేదు. నిజంగానే రాలేదు. ఆయన కాగితం సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది.

"షెడ్లూ గదులూ తర్వాత సంగతి సార్. అన్నిటికంటే ముందు ఒకటుంది. 'నేను అనుకున్నది తప్పు కావచ్చు' అని మీరు అనుకోవాలి."

అవతల కలం గీసుకుంటున్న శబ్దం ఆగిపోయింది.

"అనుకుంటానమ్మా," అన్నాడు శరభేశ్వరరావు ఎట్టకేలకి. "కాకపోతే, ఎవరి అనుమతితో అనుకోవాలి?"